వాణిజ్య ఒప్పందాల గదిలో బేరం దేని మీద నడుస్తుంది, సుంకాల తగాదా చివరికి ఎక్కడ తెగుతుంది?

మీరు అడిగినవి నాలుగు: రెండు దేశాలు వాణిజ్య ఒప్పందానికి కూర్చున్నప్పుడు ఏం మాట్లాడుకుంటాయి, అది ఏళ్ళ తరబడి ఎందుకు సాగుతుంది, సుంకాల గొడవ వస్తే ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పుతో పని అయిపోతుందా, ఈ పనిలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి. తెలిసినంత చెబుతాను, కాస్త పెద్దదే అవుతుంది.

నేను కొన్నేళ్ళు ఒక ప్రభుత్వ చర్చల బృందంలో, సరుకుల సుంకాలు చూసే విభాగంలో సాంకేతిక సహాయకుడిగా పని చేశాను. బల్ల దగ్గర ముందు వరసలో కూర్చుని మాట్లాడే హోదా కాదు. వెనక వరసలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ముందున్నవాళ్ళు అడిగిన అంకెను చీటీ మీద రాసి అందించేవాళ్ళలో ఒకణ్ణి. కాబట్టి మంత్రుల మధ్య ఏం జరుగుతుందో నాకు తెలిసింది తక్కువ, సుంకాల జాబితాలోని లైన్ల దగ్గర ఏం జరుగుతుందో తెలిసింది ఎక్కువ. ఏ ఒప్పందమో మాత్రం అడక్కండి, ఆ కాగితాలు ఇంకా గోప్యమే.

అసలు మాట ముందే చెప్పేస్తాను. అవతలి దేశంతో చేసే బేరం సులువైన భాగం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత ఈ పనికే పుట్టిందా అనిపిస్తుంది. చర్చలు ఆగినా, సాగినా, తగాదా ముదిరినా, చల్లారినా, కారణం తొంభై పాళ్ళు ఏదో ఒక దేశం ఇంటి లోపలే ఉంటుంది.

చర్చల గదిలో ఉండేది ప్రధానంగా ఒక ఎక్సెల్ షీటు. ప్రతి సరుక్కీ ఒక కోడ్ ఉంటుంది. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే హార్మొనైజ్డ్ సిస్టమ్ అన్నమాట, అందరూ హెచ్‌ఎస్ కోడ్ అంటారు. 1988 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు ఆ పద్ధతి పాటించే దేశాలన్నిటికీ ఒకటే. ఏడో అంకె నుంచి ఎవరి విభజన వాళ్ళది. ఆరంకెల కోడ్‌లే 5,000 పైచిలుకు, దేశం లోపల ఇంకా చీలిస్తే పది వేలు దాటే చోట్లు కూడా ఉన్నాయి. షీటులో ఒక్కో లైనుకీ సరుకు వివరం, ఇప్పుడున్న సుంకం, ఎన్నేళ్ళలో ఎంతకి తగ్గిస్తాం అన్న కేటగిరీ ఉంటాయి. మొదటి రోజే సున్నా అయితే ఒక అక్షరం, అయిదేళ్ళలో అయితే ఇంకొకటి, అసలు తగ్గించం అంటే వేరొకటి. ముందు ఇరుపక్షాలూ కోరికల జాబితాలు ఇచ్చుకుంటాయి, తర్వాత ఎవరి ఆఫర్ వాళ్ళు పెడతారు. ఆ ఆఫర్ చూసి అవతలివాళ్ళు మొహం ముడుచుకోవడం ప్రతిసారీ ఉండేదే, దాన్ని ఎవరూ మనసుకి పట్టించుకోరు.

ఒక్క లైను కథ చెబుతాను. 8481.80 అనే కోడ్ ఉంది, కుళాయిలు, వాల్వులు అందులోకి వస్తాయి. ఇంట్లో బిగించే నీళ్ళ కుళాయీ అదే కోడ్, రసాయన కర్మాగారంలో పైపుకి బిగించే పారిశ్రామిక వాల్వూ అదే కోడ్. అవతలివాళ్ళు ఆ కోడ్ మొత్తం మొదటి రోజే సున్నా చేయమన్నారు. వాళ్ళ దగ్గర పెద్ద వాల్వుల కంపెనీలున్నాయి, కుళాయిల మీద వాళ్ళకి పెద్ద ఆసక్తి లేదు. మా వైపు భారీ పరిశ్రమల వాళ్ళు వాల్వులు చవగ్గా వస్తే మంచిదేగా అన్నారు. చిన్న పరిశ్రమలు చూసే శాఖ ససేమిరా అంది, ఎందుకంటే కుళాయిలు తయారు చేసేవన్నీ చిన్న యూనిట్లే. సరే, ఎనిమిది అంకెల దగ్గర విడదీద్దాం అనుకున్నాం. అక్కడ చూస్తే దిగుమతుల్లో పెద్ద వాటా ‘ఇతరములు’ అన్న లైనులో ఉంది! అందులో ఏముందో గణాంకాలు చెప్పవు. కస్టమ్స్ వాళ్ళని బతిమాలి దిగుమతి పత్రాల్లో సరుకు వివరం రాసే కాలమ్ తెప్పించుకుని, ఒక్కో వరస చదువుకుంటూ ఇది కుళాయి, ఇది వాల్వు అని గుర్తులు పెట్టుకున్నాం. కొన్నింటికి ‘ఇత్తడి వస్తువులు’ అని మాత్రమే రాసి ఉంది, అవి ఏమిటో దేవుడికే తెలియాలి.

చివరికి పారిశ్రామిక వాల్వులు అయిదేళ్ళలో సున్నా, కుళాయిలు పదేళ్ళలో, ‘ఇతరములు’ మినహాయింపు జాబితాలోకి. అవతలివాళ్ళతో ఆ లైను మీద మాట్లాడింది ఒక పూట కూడా ఉండదు. మా రెండు శాఖల మధ్య ఉత్తరాలు మాత్రం నెలల పాటు తిరిగాయి. ఇలాంటి లైన్లు వందల్లో ఉంటాయి. ‘చర్చలు ఎందుకింత ఆలస్యం’ అన్న మీ ప్రశ్నకి సగం జవాబు ఇదే.

మిగతా సగం మూల దేశ నిబంధనలు, అంటే రూల్స్ ఆఫ్ ఆరిజిన్. బయటివాళ్ళు వీటిని పట్టించుకోరు, లోపలివాళ్ళు వీటి గురించే నిద్ర పాడు చేసుకుంటారు. సుంకం సున్నా అని ఇచ్చేశాం అనుకోండి, అది ఆ దేశంలో తయారైన సరుక్కి మాత్రమే. మూడో దేశం నుంచి విడి భాగాలు తెచ్చి, స్క్రూలు బిగించి, డబ్బా మీద పేరు మార్చి పంపితే చెల్లకూడదు కదా. అందుకని ప్రతి సరుక్కీ ఒక షరతు రాస్తారు: కోడ్ మొదటి నాలుగు అంకెలు మారేంత తయారీ జరగాలి, లేదా విలువలో 35 శాతమో 40 శాతమో అక్కడే చేరాలి. బట్టల విషయంలో అమెరికా ఒప్పందాలు ఇంకా ముందుకెళ్ళి, నూలు దగ్గర నుంచి భాగస్వామ్య దేశాల్లోనే తయారవ్వాలంటాయి. ఒక చేత్తో సుంకం సున్నా చేసి, రెండో చేత్తో ఈ షరతు బిగిస్తే ఆ రాయితీ కాగితం మీదే ఉండిపోతుంది. నేను చూసినంతలో అనుభవమున్న అధికారులు అవతలివాళ్ళ ఆఫర్ రాగానే సుంకం కాలమ్ వదిలేసి ముందు ఈ నిబంధనల అనుబంధం తెరుస్తారు. ఎగుమతిదారులు కూడా చాలాసార్లు ఆ సర్టిఫికెట్ తలనొప్పి భరించలేక మామూలు సుంకమే కట్టేసి పోతుంటారు, ముఖ్యంగా ఆ సుంకం రెండు మూడు శాతమే ఉన్నప్పుడు.

ఇంకో చిన్న కిటుకు, బేస్ రేటు. ఏ ఏడాది సుంకం నుంచి తగ్గింపు లెక్క మొదలుపెట్టాలి? చర్చలకు ముందు సుంకం పెంచుకుని, ఆ పెంచిన దాంట్లోంచి తగ్గించి రాయితీ ఇచ్చామని చెప్పుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఒక తేదీ ముందే ఖాయం చేసుకుంటారు. ఆ తేదీ మీద కూడా కొట్లాటే.

అసలు ఇద్దరు మాత్రమే సుంకాలు తగ్గించుకోవడం ప్రపంచ వాణిజ్య సంస్థ నియమాలకు మినహాయింపు. ఆ నియమాలకు మూలమైన 1947 నాటి గాట్ (సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం) మొదటి అధికరణ ప్రకారం ఒకరికి ఇచ్చిన రాయితీ సభ్యులందరికీ ఇవ్వాలి. 24వ అధికరణ దానికో దారి వదిలింది: ఇద్దరి మధ్య ‘దాదాపు మొత్తం వాణిజ్యాన్ని’ కలిపితే వేరే ఒప్పందం చేసుకోవచ్చు. దాదాపు అంటే ఎంతో అంకె ఎక్కడా రాసి లేదు. 90 శాతం అని ఒక వాడుక ఉంది, ఎవరి వీలును బట్టి వాళ్ళు అటూ ఇటూ జరుపుతారు.

ఇంటి పోరు ఎంత బలమైందో బయటికి తెలిసిన ఉదాహరణలే చూడండి. యూరోపియన్ యూనియన్, మెర్కోసూర్ (దక్షిణ అమెరికా దేశాల వాణిజ్య కూటమి) దేశాల మధ్య చర్చలు 1999లో మొదలయ్యాయి. 2019లో కుదిరిందన్నారు, మళ్ళీ తెరిచారు, 2024 డిసెంబరులో రెండోసారి ముగిశాయన్నారు. మధ్యలో అడ్డం పడ్డవాటిలో ముఖ్యమైనది యూరప్‌లో, అందులోనూ ఫ్రాన్స్‌లో పశువుల రైతుల వ్యతిరేకత. 2016లో కెనడాతో యూరప్ ఒప్పందం సంతకానికి సిద్ధంగా ఉండగా బెల్జియంలోని వలోనియా అనే ఒక్క ప్రాంతం పార్లమెంటు ఆపేసింది. శిఖరాగ్ర సమావేశం వాయిదా పడింది, కొద్ది రోజుల తర్వాత వివరణ పత్రాలు జోడించి అక్టోబరు 30న సంతకాలు చేశారు. భారత్ ఏళ్ళ తరబడి ఆర్‌సెప్ (ఆసియా, పసిఫిక్ దేశాల ఉమ్మడి వాణిజ్య ఒప్పందం) చర్చల్లో కూర్చుని 2019 నవంబరులో బ్యాంకాక్‌లో బయటికొచ్చేసింది. అదే భారత్ యూఏఈతో 88 రోజుల్లో చర్చలు ముగించి 2022 ఫిబ్రవరి 18న సంతకం పెట్టింది. జనం ‘తొందరపడ్డారు’, ‘నాన్చారు’ అంటారు కానీ, నష్టపోతామనుకునేవాళ్ళు ఇంట్లో ఎంత గట్టిగా ఉన్నారన్నదే వేగాన్ని నిర్ణయిస్తుందని నా లెక్క.

ఇక తగాదాల సంగతి.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఫలానా దేశం సుంకం పెంచింది, కేసు వెయ్యొచ్చు కదా అంటుంటారు. ప్రతి సభ్య దేశానికీ రెండు అంకెలుంటాయి: ఇంతకు మించి వెయ్యనని మాటిచ్చిన గరిష్ఠ సుంకం ఒకటి, ఇప్పుడు నిజంగా వేస్తున్నది ఒకటి. చాలా వర్ధమాన దేశాల్లో వీటి మధ్య బోలెడంత ఖాళీ ఉంది. 10 శాతం వేస్తున్న దేశం 40 శాతం వరకు మాటిచ్చి ఉంటే, రాత్రికి రాత్రి 35 చేసినా నియమం తప్పినట్టు కాదు. మా దగ్గరికి వచ్చిన ఎగుమతిదారుల ఫిర్యాదుల్లో చాలా వాటికి ఇదే చెప్పి పంపాల్సి వచ్చేది. వాళ్ళకి ఒళ్ళు మండేది, న్యాయమే. ఇంకోటి, కంపెనీ నేరుగా కేసు వెయ్యడానికి లేదు, ప్రభుత్వమే వెయ్యాలి. అంటే మళ్ళీ ముందు ఇంట్లో ఒప్పించుకోవాలి.

కేసు దాకా వెళ్ళిన వాటిలో నాకు బాగా నచ్చేది ఉప్పు కోడి మాంసం కేసు. యూరప్ షెడ్యూలులో, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థలో మాటిచ్చిన సుంకాల జాబితాలో, ఉప్పు వేసిన మాంసానికి 15.4 శాతం సుంకం. గడ్డకట్టించిన కోడి ముక్కలకైతే వంద కిలోలకు 102.4 యూరోలు, అంటే చాలా ఎక్కువ. బ్రెజిల్, థాయిలాండ్ ఎగుమతిదారులు గడ్డకట్టించిన ముక్కలకు కాస్త ఉప్పు, 1.2 నుంచి 3 శాతం దాకా, పట్టించి మొదటి కోడ్ కింద పంపడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళు యూరప్ కస్టమ్స్ ఒప్పుకుంది. 2002లో మాట మార్చి, ఉప్పు అంటే ఎక్కువ కాలం నిల్వ ఉండడానికి వేసిన ఉప్పే, రుచికి వేసింది కాదు అంది. కేసు అప్పీలు దాకా వెళ్ళి 2005 సెప్టెంబరులో యూరప్ ఓడింది. షెడ్యూలులో నిల్వ అన్న షరతు లేదు, పైగా ఇన్నాళ్ళూ మీరే అలా తీసుకున్నారు కదా అన్నది తీర్పు సారాంశం. బ్రెజిల్, థాయిలాండ్ పూర్తిగా గెలిచినట్టే కదా? యూరప్ తీర్పు అమలు చేసింది, ఆ వెంటనే గాట్ 28వ అధికరణ కింద తన షెడ్యూలునే మళ్ళీ బేరానికి పెట్టింది. 2007లో కోటా వచ్చింది. కోటా లోపల 15.4 శాతం, దాటితే టన్నుకు 1,300 యూరోలు. గెలిచినవాళ్ళకి కోటా దక్కింది, ఓడినవాళ్ళకి అడ్డుకట్ట దక్కింది. వెనక వరసలో కూర్చున్నవాడికి ఇందులో అర్థమయ్యేది ఒకటే: షెడ్యూలు రాసిన నాడు ఎవరైనా సరుకు వర్ణనలో ఇంకో నాలుగు మాటలు చేర్చి ఉంటే ఈ కేసే లేదు. మా విభాగాధిపతి ఏ లైనులోనైనా వర్ణన అస్పష్టంగా కనిపిస్తే ‘ఉప్పేశారా?’ అని అడిగేవారు.

మామూలు క్రమం ఇది. ముందు సంప్రదింపుల కోసం అభ్యర్థన పంపాలి, 60 రోజుల గడువు. అప్పటికీ కుదరకపోతే ముగ్గురు సభ్యుల ప్యానెల్, దాని మీద అప్పీలు, ఓడితే అమలుకు కొంత గడువు, అమలు చెయ్యకపోతే ప్రతి సుంకాలకు, అంటే గెలిచిన దేశం బదులుగా వేసే సుంకాలకు, అనుమతి. కాగితం మీద ఏడాది, ఏడాదిన్నరలో తేలాలి. పెద్ద కేసులు అంతకు రెండు మూడు రెట్లు పడతాయి. అంతకాలం నష్టపోయిన ఎగుమతిదారుడికి పైసా పరిహారం రాదు, పాత సుంకం వెనక్కి ఇవ్వరు. తీర్పు ఇక ముందుకే వర్తిస్తుంది. ఈ ముక్క చెప్పినప్పుడు వ్యాపారుల మొహాలు చూడాలి.

ఇప్పుడు అప్పీలు కూడా లేదు. ఏడుగురుండాల్సిన అప్పీలు మండలిలో కొత్త నియామకాలను అమెరికా ఆపేయడంతో 2019 డిసెంబరు 11 నుంచి కేసు వినడానికి కావలసిన ముగ్గురు కూడా లేకుండా పోయారు. ఓడిన దేశం అప్పీలు చేస్తే వినే దిక్కు లేదు, తీర్పు అక్కడే వేలాడుతుంది. యూరప్, చైనాతో సహా కొన్ని దేశాలు 2020లో తమలో తాము వేరే మధ్యవర్తిత్వ ఏర్పాటు చేసుకున్నాయి, అమెరికా, భారత్ అందులో లేవు.

దీంతో అంతా అయిపోయిందనే వాళ్ళతో నేను ఏకీభవించను. 1995 నుంచి 600కు పైగా తగాదాలు ప్రపంచ వాణిజ్య సంస్థలో నమోదయ్యాయి, వాటిలో చాలా భాగం ప్యానెల్ తుది నివేదిక దాకా వెళ్ళనే లేదు. అసలు పని సంప్రదింపుల గదిలో, దాని బయట కాఫీ మెషీను దగ్గర జరుగుతుంది. నేను కూర్చున్న ఒక సంప్రదింపులో మేం ముందే పంపిన ప్రశ్నలకు వాళ్ళు చదివిన జవాబులన్నీ నున్నగా జారిపోయేవే. మధ్యాహ్నం విరామంలో వాళ్ళ అధికారి ఒకరు మా వాళ్ళతో, ‘ఈ సుంకం మాకూ పెద్ద ఇష్టం లేదు, కానీ మా శాఖ ఒప్పుకోవాలంటే మీ వైపు నుంచి ఏదైనా చూపించాలి’ అన్నారు. అంతే, మిగతా రోజంతా ఆ ‘ఏదైనా’ ఏమిటన్న దాని మీదే నడిచింది.

ప్రతి సుంకాల జాబితా తయారీ కూడా ఇలాంటిదే. జాబితాలో పెట్టే సరుకు రెండు పరీక్షలకు నిలబడాలి. మనకి వేరే చోట దొరకాలి, లేకపోతే మన చెయ్యి మనమే కోసుకున్నట్టు. అవతల రాజకీయంగా గొంతున్న ప్రాంతంలో తయారవ్వాలి. 2018లో అమెరికా ఉక్కు మీద 25, అల్యూమినియం మీద 10 శాతం వేసినప్పుడు యూరప్ బర్బన్ విస్కీ, మోటార్ సైకిళ్ళు ఎంచుకుంది. భారత్ 2019 జూన్‌లో బాదం, యాపిల్, అక్రోటు, శనగలు, పప్పుల మీద వేసింది. బాదం అంటే కాలిఫోర్నియా, యాపిల్ అంటే వాషింగ్టన్ రాష్ట్రం. ఆ రైతులు తమ ప్రతినిధుల తలుపు తట్టాలన్నదే ఆలోచన. చివరికి 2023 జూన్‌లో రెండు దేశాలు ఆరు కేసులు ఒక్కసారే ముగించుకున్నాయి, సెప్టెంబరులో మిగిలిన ఏడోదీ. వాటిలో కొన్ని భారత్ ఓడినవి, కొన్ని గెలిచినవి, కొన్ని తేలనివి. అన్నీ కలిపి ఒక మూటగా కట్టారు కాబట్టే కుదిరింది; విడివిడిగా ఏ ఒక్కటీ కదిలేది కాదని నా అభిప్రాయం.

పత్తి కేసు ఇంకా విచిత్రం. అది సుంకం కాదు, సబ్సిడీ. అమెరికా సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో మొదలుపెట్టి, గెలిచి, 2009లో ప్రతీకార చర్యకు అనుమతి పొందింది. ఆ అనుమతిలో పేటెంట్ల వంటి మేధో హక్కులను పక్కన పెట్టే వీలు కూడా ఉంది. దాంతో అమెరికా దారికొచ్చింది, ఎలాగంటే తన సబ్సిడీలు పూర్తిగా సరిచేసుకునే బదులు బ్రెజిల్ పత్తి రైతుల సంస్థకు ఏడాదికి 14.73 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది! 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఒకేసారి ఇచ్చి ముగించారు. సొంత రైతుల సబ్సిడీ తగ్గించడం కంటే వేరే దేశం రైతులకు డబ్బు కట్టడమే వాళ్ళకి రాజకీయంగా సులువైంది.

కుదరకపోతే ఏమవుతుందంటే, సుంకం అక్కడే పాతుకుపోతుంది. 1960ల మొదట్లో యూరప్ అమెరికా కోళ్ళ మీద సుంకం పెంచితే, బదులుగా అమెరికా తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం వేసింది. కోళ్ళ గొడవ ఎవరికీ గుర్తు లేదు, ట్రక్కుల సుంకం మాత్రం ఈనాటికీ ఉంది, ఎందుకంటే ఈలోగా దాని నీడలో ఒక పరిశ్రమ పెరిగింది, తీసేద్దాం అంటే ఊరుకోదు. (కోడి మాంసానికీ వాణిజ్య తగాదాలకీ ఈ అనుబంధం ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.)

ఈ పనిలోకి రావడం గురించి: అంతర్జాతీయ న్యాయశాస్త్రం డిగ్రీ మంచిదే, కానీ మా గదిలో కొరత ఎప్పుడూ హెచ్‌ఎస్ వర్గీకరణ తెలిసినవాళ్ళకీ, దిగుమతి గణాంకాలు శుభ్రం చేయగలిగినవాళ్ళకీ ఉండేది. ఏదైనా ఒక రంగం తీసుకోండి, మందులో, ఉక్కో, బట్టలో. అందులో ఒక కోడ్ మీద రెండు దేశాలు ఇచ్చిన మాట, వేస్తున్న సుంకం, వాటి మధ్య ఒప్పందం ఉంటే అందులోని మూల దేశ షరతు, ఈ మూడూ మీరే వెతికి ఒక పేజీలో రాయండి. అన్నీ ప్రపంచ వాణిజ్య సంస్థ వెబ్‌సైటులోనూ, ఆయా ప్రభుత్వాల సైట్లలోనూ ఉచితంగానే దొరుకుతాయి. తగాదాలు చదవాలంటే ప్యానెల్ నివేదికలతో మొదలుపెట్టకండి, వందల పేజీలుంటాయి, మొదటి వారంలోనే విరక్తి వస్తుంది. సంప్రదింపులు కోరుతూ పంపే అభ్యర్థనలు చాలావరకు కొద్ది పేజీలే ఉంటాయి, ముందు వాటిని పట్టుకోండి. ఏదైనా కోడ్ దగ్గర చిక్కుకుంటే కింద కామెంట్లో రాయండి, చూస్తాను.